చిప్పను పీకే ముందు పొరను చదవండి

మైదానంలో గుంట తవ్వినప్పుడో, కాలువ గట్టు కోసుకుపోయినప్పుడో ఇసుకలో సముద్రపు చిప్పలు కనిపిస్తే చెయ్యి ఆగదు, వెంటనే పీకేస్తాం. దయచేసి ఆగండి. చేతిలోకి వచ్చిన చిప్ప సగం సాక్ష్యం పోగొట్టుకున్నట్టే. ఒకప్పుడు సముద్ర తీరం ఎక్కడుండేదో చెప్పేది ఆ చిప్ప పొరలో పడి ఉన్న పద్ధతి.

స్థలం వాళ్ల అనుమతి తీసుకోండి. మనిషి ఎత్తు దాటిన వదులు ఇసుక గట్టు కింద కూర్చోవద్దు, అది చెప్పకుండా కూలుతుంది. తాపీతో గట్టును మీటరు వెడల్పున నున్నగా గీకి, స్కేలు పెట్టి ఫోటో తీయండి.

ఇప్పుడు చిప్పల్ని తీరిగ్గా చూడండి. రెండు చిప్పలూ మూసుకుని జతగా, నిలువుగా ఉంటే ఆ జీవి బతికిన చోటే పూడిపోయింది. చచ్చాక వాటిని కలిపే బంధం త్వరగా కుళ్లిపోతుంది కాబట్టి, అలలు దొర్లించిన చిప్పలు విడిపోతాయి. విడిచిప్పలు ఎక్కువగా బోర్లా పడి ఉంటే అక్కడ నీళ్లు జోరుగా పారాయి. బోర్లా పడ్డదాన్ని ప్రవాహం సులువుగా కదపలేదు. అన్నీ తినే రకాలే, మధ్యలో బొగ్గు, కుండపెంకులు ఉన్నాయా? అది మనుషులు తిని పారేసిన కుప్ప, తీరం కాదు.

నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది బొరియల్ని. వేలంత లావు గొట్టం, బయటంతా బుడిపెలు: దాన్ని ఓఫియోమార్ఫా అంటారు. రొయ్యలాంటి జీవులు వదులు ఇసుక కూలకుండా మట్టి ఉండలతో గోడ మెత్తిన గుర్తు అది. ఎక్కువగా తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలోనే కనిపిస్తుంది. చిప్ప కొట్టుకురావచ్చు, బొరియ రాలేదు.

పొర ఎత్తు కొలిచి రాసుకోండి, కానీ దాన్నే అప్పటి సముద్రమట్టం అనుకోకండి. సుమారు 1,25,000 ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికన్నా 6–9 మీటర్లు పైన ఉండేది. 20,000 ఏళ్ల కిందట దాదాపు 120 మీటర్లు కింద. పైగా నేలా కదులుతుంది. అమెరికాలో ఆరెంజ్‌బర్గ్ స్కార్ప్ సుమారు 30 లక్షల ఏళ్ల నాటి తీరం; ఒకప్పుడు ఒకే మట్టంలో ఉన్న ఆ గట్టు ఇప్పుడు చోటుకీ చోటుకీ పదుల మీటర్ల తేడాతో ఉంది.

వయసు తేల్చాలంటే అరగని జత చిప్పనే ఎంచుకోండి. చిప్పలోని కార్బన్‌ను బట్టి వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతి సుమారు 50,000 ఏళ్ల వరకే పనిచేస్తుంది. సముద్రపు చిప్పలు అసలు వయసు కన్నా కొన్ని వందల ఏళ్లు పాతవిగా తేలతాయి కాబట్టి ఆ సవరణ చేయమని ల్యాబ్‌కు చెప్పండి. కవరు మీద పొర లోతు, చిప్ప ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో అక్కడికక్కడే రాయండి.