రబీ విత్తనం కొనకముందే ఊరి నీళ్ల లెక్క కట్టుకోవడం ఎలా

అనంతపురం వైపు బోరు వేయాలంటే కొబ్బరికాయ పట్టి పాయింటు చూసేవాళ్లు దొరుకుతారు, ఫోన్ చేస్తే రాత్రికి రాత్రే రిగ్గు బండి దిగుతుంది, అప్పు కూడా పుడుతుంది. ఈ ఏడాది ఊరి కింద ఎన్ని నీళ్లున్నాయో చెప్పేవాళ్లే ఉండరు. ఆ లెక్క రైతులే కట్టుకోవచ్చు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) సాయంతో 2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లో నడిచిన ఏపీఎఫ్ఏఎంజీఎస్ అనే ప్రాజెక్టులో, అంటే భూగర్భ జలాలను రైతులే చూసుకునే పథకంలో, రైతులు కట్టారు కూడా.

ముందు వాన. ఊరి హద్దులు పట్టుకోకండి, ఏ వంకలోకి ఏ పొలాల నీళ్లు దిగుతాయో ఆ పరీవాహకం మొత్తం తీసుకోండి. రెయిన్ గేజ్ ఒకటి పెట్టుకుని రోజూ పొద్దున 8:30కి చూసి రాయండి, ఎందుకంటే మండలాఫీసు దగ్గర పడిన వాన మీ గుట్ట కింద పడి ఉండకపోవచ్చు. ఒక మి.మీ. వాన ఎకరాకు సుమారు 4 వేల లీటర్లు. సగటున 550 మి.మీ. వాన, 2,000 ఎకరాలు అనుకుంటే 445 కోట్ల లీటర్లు. వినడానికి బాగానే ఉంది కానీ మన రాతి నేలల్లో కిందికి ఇంకేది నూటికి పది పాళ్లు అనుకోండి, అంటే 44 కోట్లు చిల్లర. అందులోంచి తాగునీళ్లు ముందు పక్కకు తీయాలి: జల్ జీవన్ మిషన్ చెప్పే, మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన 2,000 మందికి ఏడాదికి 4 కోట్లు. పశువులవి వేరే. ఉజ్జాయింపుగా 40 కోట్లు మిగిలాయనుకుందాం.

ఇప్పుడు తోడేది ఎంతో చూడాలి. ప్రతి బోరు దగ్గరికీ 200 లీటర్ల డ్రమ్ము, సెల్‌ఫోన్ పట్టుకుని వెళ్లండి. మోటారు వేయగానే కొలవద్దు, మొదట్లో అన్ని బోర్లూ బాగానే పోస్తాయి, అరగంట ఆడాక కొలవండి. డ్రమ్ము 100 సెకన్లలో నిండితే సెకనుకు 2 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటు, 120 రోజుల పంట అంటే ఆ ఒక్క బోరే దగ్గర దగ్గర 78 లక్షల లీటర్లు తోడుతుంది. అలాంటివి 60 ఉంటే ఒక్క రబీకే 46 కోట్లు దాటిపోయింది, మన దగ్గరున్నది 40! 'రెండించుల నీళ్లు' అని రైతు చెప్పే మాటను లెక్కలో వేయకండి, అబద్ధమని కాదు, ఒక్కొక్కరి ఇంచు ఒక్కోలా ఉంటుంది.

తర్వాత పంటలు. వరికి 1,200 మి.మీ. వేసుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్ల పైమాట, వేరుశనగకు 20 లక్షలు, పప్పుశనగకు 10 లక్షలు. అంటే ఆ 40 కోట్లతో వరి అయితే 80 ఎకరాలు దాటి కొంచెం, వేరుశనగ అయితే 200, పప్పుశనగ అయితే 400. మడిలో పోసిన నీళ్లు కొంత మళ్లీ కిందికే పోతాయి కదా అని ఎవరో ఒకరు అంటారు. నిజమే, కానీ మొదటి ఏడాది దాని కోసం కొట్టుకోవద్దు. చీనీ (బత్తాయి) తోటల వాటా మాత్రం ముందే తీసేయండి, చెట్టుకు ఈ ఏడాది మానుకో అని చెప్పలేం కదా.

అసలు కష్టం మీటింగులో. అక్టోబరులోగా పెట్టండి, విత్తనం కొన్నాక పెడితే ఎవరూ వినరు. అంకెలన్నీ రచ్చబండ దగ్గర గోడ మీద పెద్దగా రాయించండి. 'వరి బంద్' అని మొదలుపెట్టారో, వరి వేసేవాళ్లు లేచి వెళ్లిపోతారు, టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. మొదట్లో చెప్పిన ఆ ఎఫ్ఏఓ ప్రాజెక్టులో ఎవరినీ ఏదీ మానమని ఆర్డరు వేయలేదు, లెక్క చూపించి వదిలేశారు. 2002 నుంచి నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం ఉంది, కొత్త బోరుకు అనుమతి కావాలంటుంది. 2004 నుంచి వ్యవసాయానికి ఉచిత కరెంటూ ఉంది. ఒక చేత్తో ఆపి ఇంకో చేత్తో తోడమన్నట్టుంది నాకైతే. అది రాజధానిలో తేలేలోపు మీరు తీర్మానం చేసుకోగలిగింది ఒకటుంది: బోరు ఎండినవాడికి పక్క బోరు రైతు ఒక తడి ఇవ్వాలి, బదులుగా అతను కొత్త బోరు వేయకూడదు. అనంతపురంలో కొన్ని ఊళ్లు బోర్లు ఇలా పంచుకున్నాయి. నోటిమాటగా వదిలేయకుండా కాగితం మీద రాసి సంతకాలు తీసుకోండి.

ఇక వాడకుండా వదిలేసిన ఒక బోరులో తాడుకు బరువు కట్టి నెలకోసారి నీటిమట్టం కొలవండి, పొద్దున్నే, చుట్టుపక్కల మోటార్లు ఆడకముందు. మే చివరి కొలతను గోడ మీది లెక్క పక్కన రాయండి. వచ్చే అక్టోబరుకు, వానలో కిందికి ఇంకుతుందని అనుకున్న ఆ పది పాళ్లను ఎనిమిది చేయాలో పన్నెండు చేయాలో ఆ తేడాను బట్టి తెలుస్తుంది.