తలనొప్పి: మాత్ర వేసుకునే ముందు చూసుకోవాల్సినవి

తల పట్టుకోగానే మన చెయ్యి మాత్రల డబ్బా వైపు వెళ్తుంది. ఒక్క నిమిషం ఆగండి. నొప్పి ఎక్కడ ఉంది, ఏ వేళకి మొదలైంది, ఈ నెలలో ఇది ఎన్నోసారి అన్నది చూసుకుంటే చాలావరకు కారణం దొరుకుతుంది.

ఇవి ఉంటే ఇంట్లో వైద్యం వద్దు

నిమిషంలోపే భరించలేనంతగా పెరిగిన నొప్పి, జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోవడం, మాట తడబడడం, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పట్టు తప్పడం, ఫిట్స్, తలకి దెబ్బ తగిలాక పెరుగుతూ పోయే నొప్పి, గర్భిణికి చూపు మసకబారుతూ వచ్చే నొప్పి. వీటిలో ఏది కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన తలనొప్పినీ వయసు మీద నెట్టేయకుండా ఒకటి రెండు రోజుల్లోనే డాక్టర్‌కి చూపించాలి.

లక్షణం: తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టు, రెండు వైపులా

ఇది టెన్షన్ తలనొప్పి. అందరిలో ఎక్కువగా కనిపించేది ఇదే. సాయంత్రానికి పెరుగుతుంది, వాంతులు ఉండవు, విసుగ్గా ఉన్నా పని చేసుకోగలం. మెడ వంచి ఫోన్ చూడడం, నిద్ర చాలకపోవడం, మనసులో దిగులు, అన్నీ కలిసి మెడ, భుజాల కండరాలను బిగించేస్తాయి. స్క్రీన్‌ను కళ్ల ఎత్తుకి తెచ్చుకుని, అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. మెడకి వేడి కాపడం హాయిగా ఉంటుంది. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనం ఈనాటికీ మన ఇళ్లలో ఉంది. కణతలకి రాసుకుంటే చల్లగా, ఊరటగా ఉంటుంది. మెడ బిగింపు పోవాలంటే మాత్రం కూర్చునే తీరే మారాలి.

లక్షణం: ఒక కణతలో పోట్లు, వికారం, వెలుతురు పడకపోవడం

పార్శ్వపు నొప్పి, అంటే మైగ్రేన్. మందు వేసుకోకపోతే 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండొచ్చు. కొందరికి ముందుగా కళ్ల ముందు మెరుపు గీతలు కనిపిస్తాయి. ముక్కు దిబ్బడ కూడా ఉంటే చాలామంది సైనస్ అనుకుని ఏళ్ల తరబడి ఆవిరి పడుతుంటారు. నెలసరి ముందు రోజులు, భోజనం వేళ తప్పడం, ఎండ, నిద్ర వేళలు మారడం దీన్ని రేపుతాయి. అందుకే మైగ్రేన్ ఉన్నవాళ్లు కటిక ఉపవాసాలు చేయకపోవడమే మంచిదని నా అభిప్రాయం. దేవుడికి పండో పాలో తీసుకున్నా ఇష్టమే.

నొప్పి వస్తే చీకటి గదిలో పడుకోవాలి. డాక్టర్ రాసిన మాత్రను నొప్పి మొదట్లోనే వేసుకోవాలి. ముదిరాక కడుపు కదలిక మందగించి మందు సరిగా ఒంటపట్టదు. నెలలో నాలుగు రోజులకి మించి వస్తుంటే, రాకుండా ఆపే మందులు వేరే ఉన్నాయి, అడగండి.

లక్షణం: సెలవు రోజున లేక ఉపవాసం రోజున మాత్రమే

కాఫీని అనుమానించండి. రోజూ ఆరింటికి తాగేవాళ్లు ఆదివారం పదింటికి లేస్తే తల బరువెక్కుతుంది. చివరి కప్పు తర్వాత 12 నుంచి 24 గంటల్లో ఇది మొదలవుతుంది. మానాలనుకుంటే ఒక్కసారిగా కాకుండా, రెండు వారాలు పట్టినా సరే, కొంచెం కొంచెంగా తగ్గించండి.

లక్షణం: ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, కళ్లు తిరగడం

కిటికీ మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజర్ ఉందా? మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టారా? వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ముందు అందరూ బయటి గాలిలోకి వచ్చి, ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్లాలి. గీజర్‌ను గది బయట పెట్టించండి.

తలనొప్పి చదివినప్పుడే వస్తుంటే, అందులోనూ వయసు 40 దాటితే, కంటి పరీక్ష చేయించుకోండి. ఇక బీపీ మాట. మామూలుగా పెరిగిన బీపీ తలనొప్పి తేదు. తల నొప్పి లేదు కదా అని బీపీ మందు మానేయకండి.

లక్షణం: దాదాపు రోజూ, మాత్ర వేస్తే తగ్గి మళ్లీ వచ్చేది

ఎవరూ అనుమానించని కారణం ఇది: ఆ మాత్రే. మా పిన్ని రెండేళ్లు రోజూ పొద్దున కాఫీతో పాటే ఒక నొప్పి మాత్ర వేసుకుంది. మెడికల్ షాపులో చీటీ లేకుండానే ఇచ్చేవారు. మాత్ర తలనొప్పిని పెంచుతుందంటే ఇంట్లో ఎవరం నమ్మలేదు.

లెక్క ఇలా ఉంటుంది. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలు లేదా మైగ్రేన్‌కి వాడే ట్రిప్టాన్లు నెలకి 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటితే మాత్రల వల్లే నొప్పి పట్టుకోవచ్చు. జలుబు మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, దాన్నీ లెక్కలో వేయాలి. మోతాదు మించితే కాలేయం దెబ్బతింటుంది.

డాక్టర్ పర్యవేక్షణలో ఆపడమే మార్గం. మొదటి వారం, పది రోజులు నొప్పి ఇంకా పెరుగుతుంది. చాలామంది అక్కడే భయపడి మళ్లీ మొదలుపెడతారు. మా పిన్ని కూడా ఒకసారి అలాగే చేసింది, రెండోసారికి నిలదొక్కుకుంది.

గోడ క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజుకి గీత, మాత్ర వేసిన రోజుకి సున్నా పెట్టండి. డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు ఆ కాగితంతో పాటు ఖాళీ స్ట్రిప్పులు కూడా తీసుకెళ్లండి. "తెల్ల మాత్ర" అంటే ఏ మందో ఆయనకి తెలియదు.