కంప్యూటర్‌లో ఆడుతుంది, టీవీలో ఆడదు: ఇంటి వీడియోల డీవీడీ సమస్యలు - పరిష్కారాలు

పెళ్లి, గృహప్రవేశం, ఓణీల ఫంక్షన్, పిల్లల పుట్టినరోజులు అన్నీ ఒకే డీవీడీకి ఎక్కించి ఊళ్లో పెద్దవాళ్ల ప్లేయర్‌లో వేస్తే ఏదో ఒకటి తేడా కొడుతుంది. డిస్క్ రాయడం వచ్చినవాళ్ల కోసం ఇది. సాఫ్ట్‌వేర్ మార్చేముందు, డ్రైవ్‌ను తిట్టేముందు, రాసిన డిస్క్‌ను కంప్యూటర్‌లో తెరిచి లోపల ఏముందో చూడండి. దయచేసి ఈ ఒక్క పని మానకండి.

ప్లేయర్ "నో డిస్క్" అంటోంది, లేదా పట్టించుకోవట్లేదు

లోపల వీడియో_టీఎస్ అనే ఫోల్డర్, అందులో ఐఎఫ్ఓ, బీయూపీ, వీఓబీ ఫైళ్లు కనబడాలి. వాటి బదులు ఎంపీ4 ఫైళ్లు వరసగా ఉంటే మీరు రాసింది డేటా డిస్క్. మామూలు డీవీడీ ప్లేయర్‌కి ఎంపెగ్-2 అనే రకం వీడియో కావాలి. ఫోన్లు తీసేది హెచ్.264, హెచ్.265. డీవీడీస్టైలర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వీడియోలన్నీ వేసి, మెనూ పెట్టి, ఐఎస్ఓ (డిస్క్ మొత్తం ఒకే ఫైల్‌గా ఉండే ఇమేజ్) తీయండి. ఆ ఐఎస్ఓని ఇమేజ్‌గానే బర్న్ చేయాలి. మామూలు ఫైల్‌లా డిస్క్ మీదికి కాపీ చేస్తే మళ్లీ డేటా డిస్కే తయారవుతుంది.

ఫోల్డర్ సరిగ్గానే ఉందంటే, డిస్క్ ఫైనలైజ్ అయిందో లేదో, అంటే రాయడం ముగిసిందని చివరి ముద్ర పడిందో లేదో చూడండి. తర్వాత అనుమానించాల్సింది పాల్, ఎన్‌టీఎస్‌సీ తేడా. ఇవి దేశాన్ని బట్టి మారే రెండు టీవీ పద్ధతులు: మనది పాల్, అమెరికాది ఎన్‌టీఎస్‌సీ. అమెరికాలో ఉన్న బంధువులకు పంపిన పెళ్లి డీవీడీ అక్కడ ఆడకపోతే అందరూ రీజియన్ కోడ్ (ఏ దేశాల్లో ఆడాలో పెట్టే తాళం) అనుకుంటారు. ఇంట్లో చేసుకున్న డిస్క్‌కి మామూలుగా రీజియన్ లాక్ ఉండదు. మీది పాల్ డిస్క్, 720×576, సెకనుకు 25 ఫ్రేములు. అక్కడి ప్లేయర్లలో చాలావాటికి ఎన్‌టీఎస్‌సీయే తెలుసు, 720×480, 29.97 ఫ్రేములు. మన దగ్గరి ప్లేయర్లు, టీవీలు ఎక్కువగా రెండూ ఆడిస్తాయి కాబట్టి, అమెరికా వెళ్లే డిస్క్‌ను ఎన్‌టీఎస్‌సీలోనే చేయండి.

చివరి వీడియోల దగ్గర ఆగిపోతోంది, గళ్లు గళ్లుగా పడుతోంది

డీవీడీ లోపలి నుంచి బయటి అంచుకు రాసుకుంటూ పోతుంది. నిండుగా కుక్కితే చివరి వీడియో సరిగ్గా అంచు మీద పడుతుంది. పాత ప్లేయర్లకు కష్టమయ్యే చోటు అదే. 4.7 జీబీ డిస్క్‌లో 4.3 దగ్గర ఆపండి. వీడియోలన్నీ కలిపి రెండు గంటలైతే వీడియో బిట్‌రేట్ (సెకనుకు పట్టే డేటా) 4,500 కేబీపీఎస్, గంటన్నరైతే 6,000. గంటే ఉన్నా 8,000 దాటించొద్దు. డీవీడీలో వీడియో, ఆడియో అన్నీ కలిపి 10.08 ఎంబీపీఎస్ గరిష్ఠ పరిమితి, దాని అంచున నడిపితే జనం కదిలే సీన్లలో తడబడుతుంది. మూడు గంటల సరుకుంటే రెండు డిస్కులు చేయడమే మేలు. మంచి కంపెనీ డీవీడీ-ఆర్ తీసుకుని 4ఎక్స్ లేదా 8ఎక్స్‌లో రాయండి. కాగితం స్టిక్కర్ మాత్రం అంటించొద్దు, డిస్క్ తిరిగేటప్పుడు బ్యాలెన్స్ తప్పుతుంది.

మొదట్లో బాగానే ఉంది, పోనుపోను మాటకీ పెదవికీ పొంతన కుదరట్లేదు

జనాన్ని ఎక్కువగా తిప్పలు పెట్టేది ఇదే. ఒరిజినల్ ఫైల్ కంప్యూటర్‌లోని వీఎల్‌సీ ప్లేయర్‌లో చక్కగా ఆడుతుంది, డీవీడీలోనే తప్పుతుంది. దాంతో డిస్కులు మార్చి మార్చి రాస్తారు. తప్పు డిస్క్‌లో లేదు, ఫోన్ తీసిన తీరులో ఉంది.

చాలా ఫోన్లు సెకనుకు ఇన్ని ఫ్రేములని కచ్చితంగా తీయవు. మండపంలో లైట్లు వెలుగుతుంటే 30, వంటల షెడ్డులోకి వెళ్లి చీకటి పడితే 24కి దిగిపోవచ్చు. ఎంపీ4లో ప్రతి ఫ్రేముకీ దాని టైమ్ రాసి ఉంటుంది కాబట్టి వీఎల్‌సీ ఆ ప్రకారం చూపిస్తుంది. కొన్ని డీవీడీ తయారీ సాఫ్ట్‌వేర్లు ఆ టైములు పట్టించుకోకుండా అన్నీ సమానం అనుకుని పేర్చేస్తాయి. లెక్క చూడండి: పది నిమిషాల క్లిప్‌లో సగటున సెకనుకు 29.9 ఫ్రేములుంటే మొత్తం 17,940. వాటిని 30 చొప్పున ఆడిస్తే 598 సెకన్లలో బొమ్మ అయిపోతుంది, ఆడియో మాత్రం 600 సెకన్లు నడుస్తుంది. చివరికి వచ్చేసరికి రెండు సెకన్ల తేడా. అరగంట క్లిప్‌లో ఆరు.

నిర్ధారణకు చప్పుడు స్పష్టంగా కనబడే చోట్లు రెండు పట్టుకోండి. మొదట్లో డోలు మీద పుల్ల పడే క్షణం, చివర్లో కొబ్బరికాయ రాయికి తగిలే క్షణం. రెండు చోట్లా తేడా ఒకేలా ఉంటే అది వట్టి ఆలస్యం. ఆడియో డిలే సెట్టింగ్‌తో సరిపోతుంది. మొదట్లో సరిగ్గా ఉండి చివర్లో పెరిగితే ఫ్రేమ్‌రేట్ గొడవ. దీనికి డిలే పెడితే చివర కుదిరి మొదలు చెడుతుంది, ఆ దారిన పోకండి. మీడియాఇన్ఫో అనే, ఫైల్ వివరాలు చూపే సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిస్తే "ఫ్రేమ్ రేట్ మోడ్" ఎదురుగా "వేరియబుల్" అని కనబడుతుంది.

పరిష్కారం: డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో వేయకముందే ప్రతి ఫోన్ క్లిప్‌నూ హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్చే సాఫ్ట్‌వేర్‌లో పెట్టండి. వీడియో ట్యాబ్‌లో ఎన్‌టీఎస్‌సీ డిస్క్‌కి 29.97, పాల్ డిస్క్‌కి 25 ఎంచుకుని, దాని కిందే ఉండే "పీక్" తీసేసి "కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్" పెట్టాలి. నంబర్ మార్చి ఈ గుర్తు మరిచిపోయేవాళ్లే ఎక్కువ, అప్పుడు పడిన శ్రమ వృథా. క్వాలిటీ ఆర్ఎఫ్ (నాణ్యతను చెప్పే అంకె) 18, ఆడియో శాంపిల్ రేట్ 48 కిలోహెర్ట్జ్. అయ్యాక మళ్లీ మీడియాఇన్ఫోలో "కాన్‌స్టంట్" వచ్చిందో లేదో చూడండి.

మన దగ్గరే చూసే డిస్క్‌కి పాల్, ఎన్‌టీఎస్‌సీల్లో ఏది ఎంచుకోవాలంటే, ఎక్కువ నిడివి దేనిదో దాని వైపు వెళ్లండి. ఫోన్ క్లిప్పులే ఎక్కువైతే ఎన్‌టీఎస్‌సీ. 30 ఫ్రేముల వీడియోని 25కి దించితే కెమెరా పక్కకు తిప్పిన ప్రతిచోటా కుదుపు కనబడుతుంది. మన దగ్గర తీసిన పాత హ్యాండీక్యామ్ టేపులే ఎక్కువైతే పాల్.

ఇంకో చిక్కు. క్లిప్పులన్నీ తిరిగి ఎన్‌కోడ్ చేయకుండా ముందే ఒక ఫైల్‌గా అతికిస్తే, ఒకదాని ఆడియో 44.1 కిలోహెర్ట్జ్, ఇంకోదానిది 48 అయినప్పుడు రెండో క్లిప్ నుంచి గొంతు మారిపోతుంది, ఒక్కోసారి మాయమవుతుంది. విడిగా మార్చి, విడి టైటిళ్లుగా (డీవీడీలో వేర్వేరు భాగాలుగా) వేయండి.

మిగతావి

మొదటి వీడియో అయ్యాక మెనూకి వచ్చి ఆగుతోందంటే డీవీడీస్టైలర్ టైటిల్ ప్రాపర్టీస్‌లో పోస్ట్ కమాండ్ (వీడియో అయ్యాక ఏం చేయాలో చెప్పేది) మార్చి తర్వాతి టైటిల్‌కి వెళ్లమని చెప్పండి. బొమ్మ సాగినట్టుంటే ఆస్పెక్ట్ (వెడల్పు-ఎత్తుల నిష్పత్తి) 16:9 పెట్టండి. పాత టేపులకు 4:3. నిలువుగా తీసింది పక్కకి పడుకుంటే హ్యాండ్‌బ్రేక్‌లోనే తిప్పాలి. వాట్సాప్‌లో వచ్చిన వీడియో మసకగా ఉంటే డిస్క్ ఏమీ చేయలేదు. తీసినవాళ్లను డాక్యుమెంట్‌గా మళ్లీ పంపమనండి.

ప్లేయర్ లెన్స్ చెడిపోవడం, డ్యుయల్ లేయర్ డిస్క్‌లో పొర మారేచోట ఆగడం అరుదు. అంగడిలో కొన్న సినిమా డీవీడీలు ఆ ప్లేయర్‌లో బాగా ఆడుతుంటే లెన్స్ జోలికే పోవద్దు.