స్ట్రిడ్ చూడబోయే ముందు: బోల్టన్ అబ్బే నడకకు జాగ్రత్తలు

అక్టోబరులో ఆకుల రంగు మారగానే ఇంగ్లండ్‌లోని లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్‌లలో ఉండే మనవాళ్లు బోల్టన్ అబ్బేకి బయల్దేరతారు. వార్ఫ్ నది ఒడ్డున 12వ శతాబ్దపు మఠం శిథిలాలు, ఎగువన ఓక్ చెట్ల స్ట్రిడ్ వుడ్, ఆ పైన బార్డెన్ వంతెన. రెండు ఒడ్లూ చుట్టి వస్తే సుమారు 11 కిలోమీటర్లు. నడక కష్టమేమీ కాదు. ప్రాణం మీదికి తెచ్చేది నది, ముఖ్యంగా ఒక్క చోట.

ఎగువన దాదాపు 30 మీటర్ల వెడల్పున పారే నది, అడవి మధ్యలో స్ట్రిడ్ అనే చోట రెండు మీటర్ల రాతి సందులోకి దూరుతుంది. అన్ని నీళ్లూ అందులోంచే పోవాలి కాబట్టి వెడల్పు తగ్గినంతా లోతుకూ వేగానికీ మళ్లుతుంది. మీరు నిలబడే ఇసుకరాతి బండను అడుగున నీళ్లు తొలిచేశాయి. కాళ్ల కింద గట్టు ఉందనుకుంటాం, నిజానికి అక్కడ కూడా నదే ఉంటుంది. పడ్డవాళ్లను ప్రవాహం ఆ బండ కిందికి ఈడ్చేస్తుంది, ఎంత ఈత వచ్చినా లాభం లేదు. 1998లో హనీమూన్‌కు వచ్చిన జంట ఇక్కడే చనిపోయారు.

చూస్తే మాత్రం పొలం కాలువలాగే ఉంటుంది, దూకేయొచ్చు అనిపిస్తుంది. వేటకుక్కతో పాటు దూకబోయిన ఓ జమీందారు కుర్రాడి కథ ఆ ఊళ్లో శతాబ్దాలుగా చెప్పుకుంటారు. కుక్క ఆగిపోయింది, చేతిలోని గొలుసు అతణ్ని వెనక్కి లాగింది, నది మింగేసింది. దూకడం కుదిరినా అవతల కాలు మోపేది నాచు పట్టిన వాలు బండ మీద. ఆ నాచు మీద తడి ఆకు పడితే మంచి బూటు కూడా పట్టదు. అందుకే తడి బండలు మొదలయ్యే చోటే ఆగిపోండి. ఫోటో కోసం వెనక్కి అడుగు వేయొద్దు. పిల్లల్ని వేళ్లతో కాదు, మణికట్టు దగ్గర పట్టుకోండి. తడి గ్లవ్స్ ఉంటే వేళ్లు జారిపోతాయి.

ఎవరైనా నీళ్లలో పడితే వెంట దూకవద్దు. అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ఫైర్ సర్వీస్‌ను అడగండి. అడవిలో కాలు విరిగితే అదే నంబరులో పోలీసును, వాళ్ల ద్వారా మౌంటెన్ రెస్క్యూ (కొండల్లో, అడవుల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళం)ను అడగాలి.

మఠం దగ్గర నది దాటడానికి యాభైకి పైగా రాళ్లు వరుసగా ఉంటాయి. వాటిలో ఒక్కదాని మీదుగా నీళ్లు పొర్లుతున్నా పక్కనున్న వంతెన ఎక్కండి. ఇక్కడ ఎండ కాస్తున్నా ఎగువ కొండల్లో వాన పడితే వార్ఫ్ చాలా త్వరగా పొంగుతుంది. నీళ్లు మట్టిరంగుకు తిరిగి పుల్లలు, ఆకులు కొట్టుకొస్తుంటే ఒడ్డుకు దూరం జరగాలి. నదీ మట్టం ప్రభుత్వ వరద సమాచార సైట్‌లో కనిపిస్తుంది, బయల్దేరే రోజు ఉదయం చూసుకోండి.

అక్టోబరు చివరి ఆదివారం గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి. ఆ వారం సాయంత్రం నాలుగున్నరకు, డిసెంబరులో మూడూ ముప్పావుకే పొద్దు గుంకుతుంది. చెట్ల కింద అంతకు ముందే చీకటి. ఉదయం పదికల్లా నడక మొదలుపెట్టండి. బార్డెన్ వంతెనకు కాస్త దిగువన, బ్రాడ్‌ఫర్డ్‌కు మంచినీళ్లు తీసుకెళ్లే రాతి అక్విడక్ట్, అంటే నీటి వంతెన, ఉంది. దాని మీదుగా అవతలి ఒడ్డుకు నడిచిపోవచ్చు. అక్కడికి చేరేసరికి రెండు దాటితే చుట్టు పూర్తి చేయాలన్న పట్టుదల వదిలి వచ్చిన దారినే తిరగండి. తూర్పు ఒడ్డున ఎక్కుడు దిగుళ్లు, చెట్ల వేళ్లు ఎక్కువ, చీకట్లో తడబడతారు.

జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు, ఒంట్లో వేడి లాగేస్తాయి. వాటర్‌ప్రూఫ్ జాకెట్, గాడులున్న అరికాళ్ల బూట్లు, తలకు కట్టుకునే లైటు, మనిషికి లీటరు నీళ్లు కావాలి. పులిహోర డబ్బా సంచిలో ఉన్నా జేబులో పల్లీచిక్కీ పెట్టుకోండి, ఆగకుండా తినొచ్చు. చలికి ఫోన్ ఛార్జ్ త్వరగా పడిపోతుంది కాబట్టి దాన్ని లోపలి జేబులో ఉంచండి. గాలివాన హెచ్చరిక ఉన్న రోజు అడవిలోకి వెళ్లకండి. బ్రిటన్ అంతటా యాష్ చెట్లకు తెగులు సోకి కొమ్మలు పెళుసుబారాయి.

ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర టిక్ అనే పిడుదు పురుగు పట్టిందేమో చూసుకోండి. పట్టి ఉంటే సన్నమొన ట్వీజర్స్‌తో చర్మానికి ఆనించి పట్టి, మెలితిప్పకుండా నిదానంగా పైకి లాగాలి. నూనె రాయడం, కాల్చడం చేయకూడదు. తర్వాతి వారాల్లో అక్కడ ఎర్రటి మచ్చ పెద్దదవుతుంటే జీపీకి, అంటే మీ స్థానిక డాక్టరుకు, చూపించి, పురుగు కుట్టిన తేదీ చెప్పండి.