ఎత్తు మీద ఆగిన కారు వెనక్కి జారకుండా కదిలించడం ఎలా?

గేర్ల కారు నడిపేవాళ్ల కోసం ఇది. హిల్ హోల్డ్ (బ్రేక్ మీంచి కాలు తీశాక కూడా ఎత్తు మీద బండిని కాసేపు ఆపి ఉంచే ఏర్పాటు) ఉన్న బండ్లవాళ్లూ చదవండి, అది పట్టి ఉంచేది రెండు మూడు సెకన్లే.

1. ముందు కారు వెనక టైర్లు రోడ్డును తాకేచోటు కనిపించేంత దూరంలో ఆగండి.

2. హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, న్యూట్రల్ చేసి, కాళ్లు తీసేయండి. తిరుమల ఎక్కే ఘాట్ రోడ్డులో ట్రాఫిక్ ఆగిందంటే ఎంతసేపో చెప్పలేం.

3. ముందు బండి కదలగానే క్లచ్ పూర్తిగా తొక్కి ఫస్ట్ గేరు వేయండి. ఫస్టే. సెకండ్‌లో లాగించేవాళ్లతో నేను వాదించను.

4. అందరూ చెడగొట్టేది ఇక్కడే. హ్యాండ్ బ్రేక్ దించకుండా, కొద్దిగా రేస్ ఇచ్చి, అంతే ఉంచండి. ఎడమ మడమ నేలకు ఆనించి క్లచ్ మెల్లగా వదలండి. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కాస్త పైకి లేస్తుంది. క్లచ్ పట్టుకున్నట్టు లెక్క. పాదం అక్కడే ఆపండి. ఆపండి అంటే ఆపండి, ఇంకాస్త వదిలితే బండి ఆఫ్ అవుతుంది.

ఇప్పుడు మాత్రమే హ్యాండ్ బ్రేక్ దించాలి. వెనక హారన్లు మోగుతాయి. మోగనివ్వండి. ఆ టెన్షన్‌లో బ్రేక్ ముందే దించి, తర్వాత క్లచ్ వెతుక్కునేవాళ్లే వెనక బండి బంపర్ పగలగొడతారు. దించాక కారు ముందుకు వెళ్లాలి, లేదా ఉన్నచోటే నిలబడాలి. వెనక్కి కదిలితే క్లచ్‌తో కుస్తీ వద్దు. ఫుట్ బ్రేక్ తొక్కి, హ్యాండ్ బ్రేక్ లాగి, మళ్లీ మొదలుపెట్టండి.

కొందరు హ్యాండ్ బ్రేక్ ముట్టుకోరు. ఫ్లైఓవర్ ఎక్కేచోట హాఫ్ క్లచ్ మీదే బండిని నిలబెట్టి, అదో గొప్ప అనుకుంటారు. డ్రైవింగ్ నేర్పేవాళ్లే కొందరు అలా నేర్పుతున్నారు! హాఫ్ క్లచ్‌లో క్లచ్ ప్లేట్ ఫ్లైవీల్‌ను (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రాన్ని) పూర్తిగా పట్టుకోదు, దానికి రాసుకుంటూ వేడెక్కుతుంది. ఆ మాడు వాసన వచ్చేది ప్లేట్ నుంచే. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించాలి, అంటే కూలీ ఖర్చు కూడా తోడవుతుంది.

5. కారు కదిలాక ఇంకాస్త రేస్ ఇస్తూ క్లచ్ పూర్తిగా వదిలి, కాలు పక్కకు తీసేయండి. డాష్‌బోర్డులో హ్యాండ్ బ్రేక్ లైటు ఆరిందో లేదో చూసుకోండి.

సాధనకు అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు వద్దు, వెనక గోడ ఉంటుంది. ఉదయం పూట ఖాళీగా, కాస్త వాలుగా ఉండే రోడ్డు చూసుకోండి.