మార్గశిరంలో గోడకి వరివెన్నుల జడ

మీ ఊళ్లో కోతలు మొదలయ్యే సూచనలు కనిపిస్తే, గోడకి వరివెన్నులతో జడ అల్లే ఈ పని వాయిదా వేయకండి. దీనికి కావలసిన వెన్ను ఏడాదిలో పది పదిహేను రోజులే దొరుకుతుంది. మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడి. ఇక్కడ ఎక్కువమంది వేసే స్వర్ణ వరి కార్తీకం చివర్లోనో మార్గశిరంలోనో కోతకొస్తుంది. సరిగ్గా అప్పుడే మా వీధిలో తెలుగువాళ్లకి లక్ష్మివారం నోములు, ఒడియావాళ్లకి మాణబసా గురుబార వస్తాయి. రెండూ గురువారాలే, రెండూ లక్ష్మీదేవికే, రెండింటికీ కొత్త ధాన్యం ఇంట్లోకి రావాలి. అందుకే ఈ నెలలో మా గోడకి వరివెన్నులు తప్ప ఇంకేదీ కట్టను. బజారులో ప్లాస్టిక్ తోరణాలు ఏడాది పొడవునా దొరుకుతాయి. ఏడాది పొడవునా దొరికేది గోడకి కడితే ఏ కాలమో ఇల్లు చూసి ఎలా తెలుస్తుంది?

ముందు వెన్నుల సంగతి, ఎందుకంటే అల్లిక ఎంత బాగా వచ్చినా వెన్ను సరైన అదనులో కోయకపోతే అంతా వృథా. మొదటి ఏడాది పాతపట్నం వైపు మా పెద్దమావయ్య చేలో కోత అయిపోయాక వెళ్లి, నాలుగు రోజులుగా ఎండుతున్న పనల్లోంచి రెండు పనలు తెచ్చుకున్నాను. జడ సగం అల్లేసరికి చాప మీద దోసెడు వడ్లు రాలాయి, చేతిలో ఒట్టి గడ్డి మిగిలింది. మరుసటి ఏడాది ఆయనే పిలిచి చెప్పారు: "పనలోంచి ఏరుకోకమ్మా, నిలువు చేలోంచి కోసుకో. సగం పచ్చగా ఉన్నదే నిలుస్తాది." వరివెన్ను కొస నుంచి కిందికి పండుకుంటూ వస్తుంది. పైసగం పసుపుకి తిరిగి మొదలు దగ్గర గింజలు ఇంకా లేతాకుపచ్చగా ఉన్నప్పుడు కోయాలి. గోటితో నొక్కితే గింజలోంచి పాలు రాకూడదు, మైనంలాగా నొక్కుపడాలి. చేను మొత్తం పసుపుగా పండి గలగలమనేదాకా ఆగితే ఆలస్యమైపోయినట్టే.

కోతమిషన్ వెళ్లిన చేలో మీకు పనికొచ్చేదేమీ మిగలదు, మిషన్ కాడని నలిపేస్తుంది. రైతుని ముందే అడిగి, మిషన్ తిరగని గట్టు వారనో మూలనో కొడవలితో కోసుకోండి. ఇన్ని వెన్నులు ఊరికే తీసుకోవడం నాకు ఇష్టం ఉండదు, కాబట్టి ఎంతో కొంత చేతిలో పెడతాను. రెండడుగుల జడకి నాకు 150 నుంచి 200 వెన్నుల దాకా పడతాయి.

కాడని పై నుంచి మొదటి కణుపు దగ్గర కోయాలి. వెన్నుకీ ఆ కణుపుకీ మధ్యనున్న ముక్కే కాడ మొత్తంలో పొడవైనది, మధ్యలో ముడి ఉండదు, ఎక్కడ వంచినా ఒకేలా వంగుతుంది. స్వర్ణ పొట్టి రకం కాబట్టి జానెడున్నరకి మించి రాదు, అది చాలు. కొండవైపు ఊళ్లలో ఇంకా వేస్తున్న పొడుగు దేశవాళీ వరి దొరికితే వదలకండి, కాడ పొడవు ఎక్కువై పని సగానికి సగం తగ్గుతుంది. ఇంటికి తెచ్చాక పోటాకునీ (వెన్నుకి కిందుండే చివరి ఆకు), కాడకి చుట్టుకుని ఉన్న దాని తొడుగునీ ఒలిచేయాలి. తొడుగు ఒలిస్తేనే లోపలున్న మెరుపు కనిపిస్తుంది. ఆ తొడుగు ఉంచి అల్లితే లోపల తేమ పట్టి నల్లమచ్చలు వస్తాయి, నాకు ఒకసారి వచ్చాయి, మొత్తం జడ పారేయాల్సి వచ్చింది.

ఒలిచిన వెన్నుల్ని పిడికెడేసి కట్టలు కట్టి, తలకిందులుగా నీడలో మూడు నాలుగు రోజులు వేలాడదీయండి. పచ్చికాడ ఎలాగూ మెత్తగానే ఉంది కదా, వెంటనే అల్లేస్తే పోదా అనిపిస్తుంది. కానీ పచ్చికాడ ఆరేకొద్దీ సన్నబడుతుంది, అప్పుడు మీరు ఎంత బిగించినా వారం తిరక్కుండా జడ వదులై వెన్నులు జారిపోతాయి. ముందు ఆరనివ్వాలి, తర్వాత మళ్లీ తడపాలి. అల్లే రోజు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి, కాడలు మాత్రం మునిగేలా, వెన్నులు పైకి ఉండేలా అరగంట నిలబెట్టండి. గింజ తడవకూడదు, తడిస్తే బూజు పడుతుంది, లేదంటే మొలకెత్తుతుంది. తర్వాత కాడల్ని తడితువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకోండి. ఒక కాడని వేలికి చుట్టి చూడండి, పెళుక్కుమనకుండా తిరిగితే సిద్ధమైనట్టు.

ఇక అల్లిక. తొమ్మిది వెన్నులు తీసుకుని, వెన్నూ కాడా కలిసే మెడలన్నీ ఒకచోటికి చేర్చి నూలుదారంతో కట్టండి. వెన్నులు కిందికి వేలాడుతుంటాయి, కాడలు కుడివైపుకి పడుకుని ఉంటాయి. కాడల్ని మూడేసి చొప్పున మూడు పాయలు చేసి మామూలు జడలాగే అల్లడమే, కాకపోతే కింది పాయ మధ్యలోకి వచ్చిన ప్రతిసారీ దాని పక్కన రెండు కొత్త వెన్నుల కాడలు కలపాలి. వెన్ను కిందికి వేలాడాలి, కాడ పాయతో కలిసి సాగిపోవాలి. ఆడపిల్లలకి పక్కనుంచి జుట్టు కలుపుకుంటూ జడ అల్లడం వచ్చినవాళ్లకి ఇది చేతికి వెంటనే వచ్చేస్తుంది. పాత కాడ అయిపోయిన చోట దాని కొసని వెనక్కి వదిలేయండి, చివర్లో కత్తిరించుకోవచ్చు. ప్రతి మెలికకీ ఎడమచేతి బొటనవేలితో వెన్ను మెడని నొక్కిపట్టి, కుడిచేత్తో పాయని కుడివైపుకి గట్టిగా లాగాలి. మెడ దగ్గర కాడ అన్నిటికంటే సన్నం, అక్కడ పైకి లాగితే టక్కున తెగుతుంది. మా అమ్మాయి పదేళ్లది, మొదటి జానెడు అల్లడానికి గంట పట్టింది, తర్వాత నాకంటే వేగంగా అల్లేసింది.

రెండడుగులు వచ్చాక చివర కట్టి, ఒక వెదురుబద్దకి నాలుగైదు చోట్ల పురికొసతో బిగించండి. బద్ద ఉంటే జడ సాగదు, గోడకి అంటుకుపోకుండా వెనక గాలీ ఆడుతుంది. నీడలో రెండు రోజులు ఆరాక ముడులన్నీ ఒకసారి మళ్లీ బిగించండి, కచ్చితంగా కొంచెం వదులై ఉంటాయి. తర్వాత ఒక పూటంతా గట్టి ఎండలో పెడతాను. ఎండ చూపించని ఏడాది గింజల్లోంచి చిన్నచిన్న బూడిదరంగు రెక్కల పురుగులు ఎగిరి వంటింటి బియ్యం డబ్బా దాకా వచ్చాయి. ఎండబెట్టి, బద్ద వెనక వేపరెమ్మ దోపినప్పటి నుంచి ఆ బాధ లేదు. దేవుడి దీపానికి దగ్గరలో మాత్రం కట్టకండి, ఎండుగడ్డి అంటుకోవడానికి క్షణం చాలు.

జడ ఒక్కటే బోసిగా అనిపిస్తే దాని కింద గోడ మీద పిండిముగ్గు వేయండి. ఇది నేను పక్కింటి ఒడియా మావుసీ (పిన్ని) దగ్గర నేర్చుకున్నాను. ఆవిడ ఝోటి అంటుంది, మార్గశిరమంతా బుధవారం ఇల్లు కడిగి ముగ్గుకి గోడ సిద్ధం చేసుకుంటుంది. బియ్యం నాలుగు గంటలు నానబెట్టి వెన్నలా రుబ్బి, వేలితో తీస్తే వేలికి అంటుకుని నెమ్మదిగా జారేంత పల్చగా కలపాలి. ఉంగరం వేలితో వంగిన కాడలాగా ఒక గీత గీసి, దానికి రెండు పక్కలా వేలికొసతో చుక్కచుక్కగా అద్దుకుంటూ పోతే వరివెన్ను తయారవుతుంది. వేసినప్పుడు నీళ్లలాగా కనిపిస్తుంది, ఏమీ పడలేదేమో అని టెన్షన్ పడకండి, ఆరేకొద్దీ తెల్లగా తేలుతుంది. మట్టిగోడకీ సున్నం గోడకీ ఇది బాగా పడుతుంది. ప్లాస్టిక్ పెయింట్ వేసిన గోడకి నిలవదు, ఆరాక పెళ్లలుగా రాలుతుంది. అలాంటి ఇంట్లో పాత వెదురు చేటకి ఎర్రమన్ను పల్చగా పూసి, ఆరాక దాని మీద ముగ్గు వేసి, చేటనే గోడకి తగిలించండి. మా హాల్లో నాలుగేళ్లుగా అదే ఉంది, ఏడాదికోసారి మన్ను కొత్తగా పూస్తాను.

ఎర్రమన్ను, తెల్లపిండి అనగానే గుణుపురం, పుట్టాసింగి వైపు సవర గిరిజనుల గోడబొమ్మలు గుర్తొస్తాయి, చాలామంది వాటిని చూసి వేయమని అడుగుతారు కూడా. నేను వేయను. ఇడితాల్ అంటే వాళ్లు దేవతలకీ పెద్దలకీ చేసే పూజలో భాగంగా వేసే బొమ్మ, దాని వెనక ఒక మొక్కు ఉంటుంది. దాన్ని హాల్లో సోఫా పైన అలంకారంగా గీసుకోవడం నాకు మనసొప్పదు. వాళ్లు వేసి అమ్మే బొమ్మ ఉంటే డబ్బిచ్చి కొనుక్కుంటాను.

వరి దొరకని ఊళ్లలో చోడి (రాగి) వెన్నులతో ఇదే జడ చేయొచ్చు. రాయగడ, కొరాపుట్ వైపు సంతల్లో అడిగితే తెచ్చిపెడతారు. వెన్ను పిడికిలిలా ముడుచుకుని బరువుగా ఉంటుంది కాబట్టి ఒక్కో మెలికకి ఒక్కటే కలపండి. సంక్రాంతి తర్వాత సంతకి వచ్చే కొత్త కొండచీపుర్ల పూగుత్తులు కూడా గోడకి చాలా బాగుంటాయి, అల్లే పని లేదు, అడ్డతీగ నారతో కట్టి తగిలించడమే. వానాకాలంలో మాత్రం గడ్డితో చేసినదేదీ గోడకి పెట్టకండి, బూజు తప్పదు.

ఒక్క మాట గట్టిగా చెప్తాను: దీనికి వార్నిష్ కొట్టకండి, స్ప్రే పెయింట్ అసలే వద్దు. మెరుపు నిలుస్తుందని వీడియోల్లో చెప్తున్నారు, కానీ ఆ గింజ తర్వాత పిచ్చుక నోటికి పనికిరాదు. మా ఇంట్లో జడ సంక్రాంతి దాకా లోపలి గోడకి ఉంటుంది. కనుమ రోజు తీసి వసారాలో చూరుకి కడతాను. మొదటి రోజు పిచ్చుకలు దూరంగా తీగ మీద కూర్చుని చూస్తాయి, రెండో రోజు ఒకటి వచ్చి వాలుతుంది, ఇంక వారంలో ఒక్క గింజ మిగలదు. ఒట్టి జడ మిగిలాక దారాలు కోసి తీసేసి గడ్డి ఆవుకి వేస్తాను. వెదురుబద్దని మాత్రం తుడిచి అటక మీద దాచుకోండి, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.