మీ ఫాంటసీ సామ్రాజ్యంలో మత్తుమందు చట్టం ఎలా అల్లుకోవాలి

ఫాంటసీ రాసేవాళ్లు చాలామంది మత్తుమందు అనగానే "చక్రవర్తి నిషేధించాడు, దొరికితే ఉరే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అక్కడితో కథకి పనికొచ్చే సరుకంతా అయిపోతుంది. శిక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు డబ్బు లెక్క తేల్చుకోండి: ఆ ఆకు ఎవరి పొలంలో పండుతుంది, సుంకం ఏ ఖజానాకి పోతుంది, నిషేధిస్తే ఎవరి కడుపు మండుతుంది?

చరిత్రలో దీనికి నల్లమందు కథని మించింది లేదు. చైనాలో 1729లోనే నల్లమందు అమ్మకం మీద నిషేధం వచ్చింది. ఈస్టిండియా కంపెనీ 1773లో బెంగాల్ నల్లమందు మీద గుత్తాధిపత్యం చేజిక్కించుకుని, సరుకుని కలకత్తాలో వేలం వేసేది, ఓడల్లో చైనాకి చేర్చేది మాత్రం ప్రైవేటు వర్తకులు. కాగితం మీద కంపెనీ చేతులు శుభ్రం! ఇలాంటి తెలివి మీ సామ్రాజ్యంలో ఎవరికుందో వెతకండి, మీ విలన్ అక్కడే దొరుకుతాడు.

ఇక ఎవరికి ఏ చట్టం వర్తిస్తుందన్నది. ఒట్టోమన్ సామ్రాజ్యంలో ముస్లింలకి సారాయి నిషిద్ధం, క్రైస్తవులు తాగొచ్చు, పైగా దాని మీద పన్ను కూడా వచ్చేది. పెళ్లి, వారసత్వం లాంటివి ఎవరి మత పెద్దలు వాళ్లు తీర్చేవాళ్లు, విదేశీ వర్తకులు తమలో తాము పడే తగాదాలు వాళ్ల రాయబారి దగ్గరికి వెళ్లేవి, కాకపోతే తమవాళ్ల తీర్పు నచ్చదనుకున్న క్రైస్తవుడు ఖాజీ కోర్టు గడప తొక్కడం మామూలే. మీ పాత్రకీ ఆ వెసులుబాటు ఇవ్వండి.

కాగితం మీద పెట్టి చూడండి. రేవులో ఓ పరదేశి నావికుడు మత్తుమందు సంచీతో దొరికాడు. నిలబడింది గుడి మెట్ల మీద కాబట్టి పూజారి నాదంటాడు, సరుకు నీళ్ల మీంచి దిగింది కాబట్టి సుంకం అధికారి నాదంటాడు, జరిమానాలో సగం పట్టుకున్నవాడికే కాబట్టి కొత్వాలు సంచీ వదలడు. నావికుడి రాయబారి వచ్చేలోపు సంచీ బరువు సగానికి తగ్గింది. ఎవరు తీశారు? మీ రెండో అధ్యాయం రెడీ.

నిర్వచనం దగ్గర కూడా కాస్త ఆగండి, రచయితలు పట్టించుకోనిది ఇదే. మన దేశపు 1985 నాటి మత్తుమందుల చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు, అవి లేకుండా విడిగా ఉన్న ఆకులూ గింజలూ ఆ లెక్కలోకి రావు. ఒకే మొక్క, ఒక భాగం నేరం, ఇంకోటి కాదు. ఇలాంటి గీత ఒక్కటి గీసుకుంటే వకీళ్లకీ దొంగలకీ నవలంతా పని.

నిషేధం శాశ్వతం అనుకోకండి. ఒట్టోమన్ సుల్తాను నాలుగో మురాద్ 1633లో పొగాకు తాగితే మరణశిక్ష అన్నాడు, తర్వాతి సుల్తానుల కాలంలో అదే పొగాకు మీద పన్ను వసూలైంది. పాత నిషేధంలో జైలుకెళ్లినవాడు కొత్త సుల్తాను రోజుల్లో బయటికొస్తే ఏం చేస్తాడో రాయండి. ఇదంతా పాఠకుడికి విడమరచి చెప్పక్కర్లేదు, తూకం వేసే గుమాస్తా ఎవరికి భయపడుతున్నాడో తెలిస్తే చాలు.